వైశాల్యం అన్న గడి

ఒక్క పేజీ చాలన్నాడు ఆఫీసరు.
కౌంటీ పరిచయం, ముఖ్య పట్టణం, నాలుగు అంకెలు,
మూలన ఒక చేప బొమ్మ.
సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి పోవాలన్నాడు.

కిసుము అని రాసి ఆగాను.
కరువు రోజుల్లో గంప పట్టుకుని
గింజల కోసం వచ్చే చోటని
ఆ పేరుకి మా అమ్మమ్మ చెప్పే అర్థం.
రైలు తెచ్చినవాళ్ళు ఎవరో దొరసాని పేరు తగిలించారు.
పట్టాలున్నాయి, రేవుంది,
దొరసాని పేరు రాలిపోయింది.
గంప ఇంకా దిగలేదు ఎవరి నెత్తి మీంచీ.

ఉత్తరాన నంది కొండలు.
మధ్యాహ్నం దాటాక మబ్బు అక్కణ్ణుంచే దిగుతుంది.
నాలుగు కొట్టేసరికి కొండేలే కూడలిలో
బోడా కుర్రాళ్ళు బళ్ళు వదిలేసి
చపాతీల కొట్టు చూరు కిందకి ఉరుకుతారు.
అరగంటకి మళ్ళీ ఎండ, ఎర్ర బురద, హారన్లు.
"వాతావరణం" గడిలో ఒకే మాట పడుతుంది.
వేడి అని రాశాను. తడి అని కొట్టేశాను.

పడమట పెద్దభార్య రాయి.
రాయి మీద రాయి, దాని నెత్తిన ఇంకో రాయి.
ఎటు పోతున్నావని ఇంట్లో అడిగితే
పెద్దభార్య దగ్గరికని చెప్పి
రోజూ అక్కడ కూర్చునేవాడట ఒక ముసలాయన.
ఇంట్లో ఉన్న పెద్దభార్య ఏమందో
ఎవరూ రాసి పెట్టుకోలేదు.

ఆదివారం కిబూయే సంత.
రోజ్‌లిడా అమోంది ఒమేనా చేపలు కొలుస్తోంది,
వేలంత వెండి చేపలు, రెండు కిలోల డబ్బాతో.
డబ్బా అడుగు లోపలికి సొట్టపోయి ఉంది.
"ఆ సొట్ట కూడా లెక్కలోకి ఎక్కిస్తావా అమ్మాయ్?"
అని నవ్వి, పైన ఒక గుప్పెడు ఎక్కువే వేసింది.
నేను పెన్ను మూత పెట్టేశాను.

ఇక మిగిలింది వైశాల్యం.
పాత పుస్తకంలో అంకె ఉంది, ఎత్తి రాస్తే అయిపోయేది.
న్యాండో ఏటి మూతి దగ్గర
జబ్లోన్ ఒండిటి పడవ ఎక్కకపోతే.

"ఇదిగో నా జొన్న చేను" అన్నాడు.
నీళ్ళు. నీళ్ళ మీద గుర్రపుడెక్క, ఊదా పూలు.
"ఇది పశువుల దొడ్డి. ఇది పొయ్యి.
ఆ ఏడు సరస్సు లేచొచ్చి కూర్చుంది,
చుట్టమనుకున్నాం. పోలేదు."
బొప్పాయి మోడు మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది.
ఒకచోట అతను మాట ఆపాడు,
తెడ్డు నీళ్ళలోంచి పైకెత్తి పట్టుకున్నాడు.
పడవ దానంతటదే జారింది, పది బారలు,
తెడ్డు చివర నీటిచుక్కలు పడవలోనే రాలాయి.
కింద అతని అన్న ఉన్నాడు, పదకొండేళ్ళుగా.

దాటాక తెడ్డు దించి అడిగాడు:
"పన్ను రసీదు నా పేరే వస్తోంది.
నన్ను నేల కింద రాశావా, నీళ్ళ కింద రాశావా?"

తిరిగొచ్చేసరికి చీకటి పడింది.
డుంగా ఒడ్డు నుంచి చూస్తే
సరస్సు నిండా దీపాలు, ఒమేనా పడవలవి,
వరసలు, సందులు, మలుపులతో సహా.
ఇటు ఊళ్ళో మా వీధికి కరెంటు లేదు.

సోమవారం ఆఫీసరు ఎర్ర పెన్ను తీశాడు.
గంప పోయింది. సొట్ట పోయింది. తెడ్డు పోయింది.
"సరస్సు ఒడ్డున ఉన్న కౌంటీ" మిగిలింది.
వైశాల్యం దగ్గర నేను వదిలిన ఖాళీ చూసి
పాత అంకె తనే వేశాడు, సరిగ్గా, దశాంశంతో సహా.

ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది.
"ఉన్న" ముందు ఒక మాట పట్టే చోటుంది.
"ప్రస్తుతం" అని రాసి
ప్రెస్సు కుర్రాడి చేతికిచ్చాను.
వాడిదీ న్యాండో పక్కనే.
చదివాడు. ఏమీ అనలేదు.
బయట మబ్బు దిగుతోంటే కాగితం చొక్కాలో దాచుకుని
బండి కిక్కు కొట్టాడు.